కండువా కింద చెయ్యి

మా నాన్న మిరపకాయల దళారీ. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య నోరు తెరవకుండా బేరమాడటం. రైతు ఒక పక్క, కొనేవాడు ఒక పక్క, మధ్యలో మా నాన్న తువ్వాలు. ఆ తువ్వాలు చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, పిడికిలంతా పట్టుకుంటే అయిదు. అది వందా వెయ్యా అన్నది సరుకు చూస్తే ఇద్దరికీ తెలుసు. బేరం తెగిందంటే బొటనవేలు ఒకసారి నొక్కి గుడ్డ తీసేస్తారు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఆ ధర ఆ రెండు చేతులకి తప్ప ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళు మొహాలు చూసి ఊహించుకోవాలి. మా నాన్న మొహం చూసి ఊహించడం మా అమ్మ వల్ల కూడా కాలేదు.

ఆ పద్ధతికి ఒకటే కట్టుబాటు. గుడ్డ కింద ఏం జరిగిందో అడగకూడదు, చెప్పకూడదు. అడిగినవాడు లేకివాడు. చెప్పినవాడికి మర్నాటి నుంచి ఎవరూ చెయ్యి ఇవ్వరు. ఇప్పుడు మిరప మార్కెట్ యార్డులో ధరలన్నీ తెర మీద పడుతున్నాయి, తువ్వాళ్ళు చెమట తుడుచుకోవడానికే మిగిలాయి. కానీ మా బజారులో అలవాటు పోయింది గాని అనుమానం పోలేదు. రెండు చేతుల మీద ఒక గుడ్డ కనిపించిందంటే అక్కడేదో తెగిందనే లెక్క. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. ఆమధ్య ఎమ్మెల్యే ఎన్నికల్లో నా పరువు పోయిందీ, పోయిన పరువు ఇంకో రకంగా తిరిగొచ్చిందీ దీనివల్లే.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఊరు. పత్తీ, మిరపా, వాటి ధరలూ తప్ప మాకు వేరే కబుర్లు తక్కువ. నాది గోనె సంచుల కొట్టు. సంచులు, పురికొస, సంచి మూతి కుట్టే దబ్బనాలు. బేరంలో నా పేరు కాస్త గట్టిదే. డాక్టరుగారు ఈ మందు అయిదు రోజులు వాడమంటే, నాలుగు రోజులకి రాదా అని అడిగిన మనిషిని నేను. ఆయన రాదన్నాడు. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి పిలుస్తాడేమోనని. పిలవలేదు.

నాకు లెక్కలు నేర్పింది మా మిషన్ బడి టీచరమ్మగారు. నాకే కాదు, బజారులో సగం మందికి ఆవిడే నేర్పింది. ఆవిడ తల్లి యార్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వచ్చేది. ఆ ఎర్రటి కుప్పల మధ్యే పలక పట్టుకుని చదువుకుని, చివరికి అదే ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, నర్సు. ఢిల్లీలో పెద్దాసుపత్రిలో పని చేస్తుందని ఊరంతా అనుకునేది.

నెలకోసారి టీచరమ్మగారు నా కొట్టుకి ఒక డబ్బా పట్టుకొచ్చేది. కారప్పొడి, కందిపొడి, వేయించిన వేరుశెనగలు, ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు కొన్న మురుకులు. దాన్ని తెల్లగుడ్డలో పెట్టి నా చేత దబ్బనంతో కుట్టించి పోస్టాఫీసుకి తీసుకెళ్ళేది. ఒకసారి నేను ఊరుకోలేక అన్నాను.

"టీచర్ గారూ, ఢిల్లీకి ఇంత గట్టి కుట్టు ఎందుకండీ? మందుల షాపువాడి అట్టపెట్టె చాలదా?"

ఆవిడ అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పింది. "ఢిల్లీ దాటి చాలా దూరం పోవాలిరా. ఆఖర్న మిలటరీ లారీ ఎక్కాలి. కొండ మీద ఆసుపత్రి. ఎక్కడని నన్నడక్కు, నాక్కూడా చెప్పదు."

అంటే అమ్మాయి సైన్యంలో నర్సు. సరిహద్దు పక్కన. ఆ కబురు నాకు తెలిసింది అలా. "ఎవరికీ చెప్పకేం" అని కూడా ఆవిడ అనలేదు. నా మొహం ఒకసారి చూసి, కుట్టు బాగా బిగించమని వెళ్ళిపోయింది.

తరవాత ఎన్నికలు వచ్చాయి. నామినేషన్లు ముగిశాక యుద్ధం కూడా వచ్చింది. ఎన్నికలు వాయిదా పడతాయని టీ కొట్లో పందాలు కాశారు. పడలేదు.

యుద్ధం అనగానే మా బజారు ముందుగా చేసింది సరుకు లోపలికి సర్దుకోవడం. నూనె డబ్బాలు ఉన్నట్టుండి గోడౌన్లలో నిద్రపోయాయి. సైరన్ మోగితే దీపాలు ఆర్పడం ప్రాక్టీసు చెయ్యాలని ఒక సాయంత్రం ఆఫీసర్లు వచ్చారు. మా ఊరి మీద బాంబు వెయ్యాలంటే ముందు మా ఊరు ఎక్కడుందో వాళ్ళకి తెలియాలి. ఎక్స్‌ప్రెస్ బస్సులే మా ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీంచి పోతాయి. అయినా అందరం ఆర్పాం. పక్క కొట్టు భాయ్‌ది పరదాల వ్యాపారం, కల్లాల్లో మిరపకాయల మీద కప్పే పరదాలు. వాటిని ముక్కలు కోసి కిటికీలకి కట్టుకోమని అమ్మాడు. "దేశసేవ శెట్టీ" అన్నాడు. దేశసేవకి గజం ఎంత వేశావని నేనడగలేదు. నా పురికొస కూడా ఆ రోజుల్లో జెండా కర్రలకి కట్టుకునే సరుకైపోయింది. చీమకుర్తి నుంచి రాళ్ళేసుకుని పోయే లారీలు కూడా ఆగి కొనుక్కుని జెండాలు కట్టుకుని పోయేవి.

మా ఎమ్మెల్యేగారు అప్పటికి రెండుసార్లు గెలిచిన మనిషి. మిరప రైతు కొడుకు, తరవాత కోల్డ్ స్టోరేజీ పెట్టాడు. చెడ్డవాడు కాదు. కనబడితే మీ మోకాలి నొప్పి ఎలా ఉందని ఎడమ మోకాలా కుడి మోకాలా అన్నది గుర్తుపెట్టుకుని మరీ అడుగుతాడు. ఈసారి ఆయనదొకటే మాట. "దేశానికి కష్టం వచ్చినప్పుడు ఊళ్ళో కొత్త ప్రయోగాలు వద్దు." ఆయన ప్రచార బండి మీద ఆయన ఫొటో కన్నా సైనికుడి ఫొటో పెద్దది. ఆ సైనికుడు ఎవరో ఎవరికీ తెలియదు.

ఆయన మీద పోటీకి అవతలి పార్టీవాళ్ళకి మనిషి దొరకలేదు. యుద్ధకాలంలో ఓడిపోవడానికి ఖర్చు పెట్టుకునేవాడు ఎవడుంటాడు? తిరిగి తిరిగి టీచరమ్మగారి దగ్గరికి వచ్చారు. ఆవిడ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నారంటే, "ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని లేచి నిలబడి మాట్లాడండిరా అన్నాను. నన్ను నిలబడమంటే కూర్చుంటానా?" అంది.

నేను ఎటువైపు అని అడగొద్దు. బజారు ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాడి వైపే. నేను కూడా బజారే. కానీ ఆవిడ మాట్లాడే చోటల్లా పురికొస అమ్మే వంకతో వెళ్ళి నిలబడేవాణ్ణి.

ఆవిడ మాట్లాడినవి మూడే. ఆసుపత్రిలో ఆడ డాక్టరు లేకపోవడం, కాలవ చివరి పొలాలకి నీళ్ళు రాకపోవడం, మిరప షెడ్ల వెనక మురుగుకాలవ. ఎండలో గొడుగు కూడా లేకుండా, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా. ఒకరోజు గుంపులోంచి ఒకడు లేచాడు.

"అక్కడ యుద్ధం జరుగుతుంటే నీ మురుగుకాలవ గోలేంటమ్మా?"

ఆవిడ వాణ్ణి గుర్తుపట్టింది. ఆవిడ గుర్తుపట్టనివాడు ఊళ్ళో లేడు. "యుద్ధం అయ్యాక ఆ జవాను ఇంటికొస్తాడు కదరా. ఏ కాలవ దూకి ఇంటికి పోవాలో అదే చూపిస్తున్నా. నువ్వు దూకలేక ఆరో తరగతిలో పడ్డావే, అదే కాలవ."

అందరూ నవ్వారు. పడ్డవాడు కూడా నవ్వాడు. కానీ నవ్వులు ఓట్లు కావు, నాకు తెలుసు. కొట్టుకొచ్చి నవ్విపోయేవాళ్ళు నాకు రోజూ ఉంటారు.

ఆ మర్నాడు ఆవిడ డబ్బా పట్టుకుని కుట్టించుకోవడానికి వస్తే నేను ఆగలేకపోయాను. నా మట్టుకు నాకు అది కళ్ళముందు జరుగుతున్న వ్యాపార ద్రోహం.

"టీచర్ గారూ, ఒక మాట. అమ్మాయి సంగతి ఒక్కసారి మైకులో చెప్పండి. ఒక్కసారే. ఆయన బండి మీద ఉన్నది బొమ్మ. మీ ఇంట్లో ఉన్నది నిజం సరుకు. గోడౌన్ నిండా పెట్టుకుని ఖాళీ కొట్టు చూపిస్తున్నారు మీరు."

"కుట్టు" అంది.

"కుడతానండీ, కానీ..."

"ఒరేయ్. దాని మార్కులు తెచ్చి నా పేపరు మీద వేసుకోమంటావా? బళ్ళో ఆ పని చేసినవాణ్ణి బెంచీ ఎక్కించాను." తరవాత ఇంకో గొంతుతో అంది. "ఓటు కోసం ఆ మాట ఒక్కసారి అన్నాననుకో. రేపు దానికేమైనా అయితే, అది కూడా ఓటే అవుతుంది. నేను ఏడ్చినా ఓటుకే ఏడ్చినట్టుంటుంది. ఆ ఏడుపన్నా నాకు మిగలనీ."

ఎదుటి మనిషి ఏ ధర చెప్పినా దానికి సగం అనడం నాకు ఊపిరి లాంటిది. ఆ మాటకి సగం ఎంతో నాకు తోచలేదు.

"ఫోను వస్తోందా అండీ?" అన్నాను.

"వస్తుందిలే. అక్కడ సిగ్నళ్ళు ఆపేశారట." అంటే రావడం లేదు.

వారం తిరక్కుండా అవతల మైకులో ఒక కొత్త మాట మొదలైంది. ఎమ్మెల్యేగారి మనిషి ఒకాయన ఉండేవాడు, రోడ్డు కాంట్రాక్టులు చేసుకుంటూ మైకు దొరికితే వదలని రకం. బజారు సెంటర్లో బండెక్కి అన్నాడు. "దేశం కోసం ఈవిడ ఇంట్లోంచి ఏమిచ్చారు? అడగండి. ఒక మనిషినిచ్చారా? కాలవలు, గట్లు తప్ప ఈవిడకి దేశం పడుతుందా?"

టీచరమ్మగారు ఎదురుగా కూరగాయల బళ్ళ దగ్గర కరపత్రాలు పంచుతోంది. ఆ మాట పూర్తిగా వినబడింది. చేతిలో ఉన్న కాగితాన్ని వంకాయలమ్మే ఆవిడకి ఇచ్చి, ఎలా మడుచుకుని దాచుకోవాలో చూపించి, పక్క బండి దగ్గరికి వెళ్ళింది. అంతే. నేను సంచి కుడుతూ దబ్బనం వేలికి దించుకున్నాను. ఆ బండి మీదకి ఎక్కి ఒక్క వాక్యం చెబితే ఎన్నిక అక్కడే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. ఆవిడ ఏడుపు ఆవిడకి మిగలాలన్న మాట గుర్తొచ్చి వేలు నోట్లో పెట్టుకున్నాను.

ఆ మాట బాగా పని చేస్తోందని వాళ్ళకి తెలిసిపోయింది. రోజూ సెంటరు సెంటరులోనూ అదే.

ఆ ఊపులోనే ఎమ్మెల్యేగారు బజారులో కొట్టు కొట్టుకీ నడిచి వచ్చాడు. నా కొట్టుకీ వచ్చాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. కుడి మోకాలెలా ఉందని అడిగాడు. వంగి మాట్లాడుతుంటే ఆయన మెడలో పార్టీ కండువా కొస జారి, మా చేతుల మీద పడింది. ఆయన చూసుకోలేదు. సంచి ధరలు పెరిగాయటగా అని అడిగి, నేను చెబుతుంటే వింటూ, ఆప్యాయంగా ఒకసారి చెయ్యి నొక్కి, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇంతే జరిగింది. దేవుడి మీద ప్రమాణం. కానీ ఎదురు కొట్లవాళ్ళు చూశారు. ఎవరో వీడియో కూడా తీశారు. గుడ్డ కింద రెండు చేతులు, ఒక నొక్కుడు. మా ఊళ్ళో దానికి ఇంకో అర్థం లేదు.

ముందు భాయ్ వచ్చాడు. అడగకూడదు కాబట్టి అడగలేదు. బల్ల మీద కూర్చుని తన వేళ్ళు తానే లెక్కపెట్టుకుంటూ, "బాగా తెగిందా?" అన్నాడు.

"ఏం తెగలేదు భాయ్. కండువా జారింది."

"మీ నాన్న కూడా ఇలాగే అనేవాడు. మహానుభావుడు."

నేను కాదన్న కొద్దీ నా ధర పెరిగింది. మధ్యాహ్నానికి కొత్త కాంప్లెక్సులో మూల కొట్టు నాకు రాసిచ్చారు. టీ వేళకి రైతుబజారుకి సంచులన్నీ నేనే సప్లై చెయ్యాలి. కొట్లు కట్టేసే వేళకి నేను ఏదో కమిటీకి చైర్మన్ని. మా ఆవిడ కూడా అన్నం వడ్డిస్తూ, "నాకు చెప్పకపోతే మానె, మంచి కొట్టే అడిగారుగా?" అంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చిక్కని బేరగాణ్ణని మురిసిపోయిన ఫలితం అది. నిజం చెబితే ఇంట్లోనే చెల్లలేదు.

అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. మర్నాడు టీచరమ్మగారి వైపు కుర్రాళ్ళు ఇంకో లెక్క వేశారు. సంచుల శెట్టి ఇంట్లో ఉన్న ఓట్లు ఎన్ని, వాటికి ఇంత రేటు ఎవరిస్తారు? కాబట్టి అమ్మింది ఓటు కాదు. ఆవిడ నెలనెలా వీడి కొట్టుకి వస్తుంది, ఏదో చెప్పుకునే ఉంటుంది. ఆ రహస్యం అమ్మేశాడు. రహస్యం ఏమిటో వాళ్ళకి తెలియదు గానీ లెక్క మాత్రం చక్కగా కుదిరింది. ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళేగా.

ఆవిడకి చెప్పారని నాకు తెలిసింది. మర్నాడు పొద్దున్నే కొట్టు తీసేసరికి ఆవిడ వస్తోంది, చేతిలో డబ్బా. ముందు డబ్బా పంపి నెల కూడా కాలేదు, పైగా ఆ వైపు పార్సిళ్ళు తీసుకోవడం ఆపేశారని పోస్టాఫీసువాళ్ళు బోర్డు పెట్టారు. అయినా తెచ్చింది. బజారు మొత్తం కొట్లు తీయడం ఆపి గుమ్మాల్లో నిలబడింది.

"కుట్టు" అంది.

నేను గుడ్డ పరిచాను. దారం దబ్బనంలోకి ఎక్కడం లేదు. "టీచర్ గారూ, మొన్న ఆ కండువా కింద..."

"నేనడిగానా?"

"లేదండీ."

"మరి చెప్తావేంటి? మీ నాన్న నేర్పలేదూ?"

అడగకూడదన్నది ఆవిడకీ తెలుసు. యార్డు కుప్పల మధ్య పెరిగిన మనిషి. నేను చెబితే నమ్మడానికి వీల్లేదు, చెప్పకపోతే తెలియడానికి వీల్లేదు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ పార్సిలు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ ముక్క తీసింది. గుమ్మం దగ్గరికి, అందరికీ కనబడేటట్టు వచ్చి నిలబడింది.

"చెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చాను. మా ఇద్దరి చేతుల మీదా ఆ గుడ్డ కప్పింది.

గుడ్డ కింద సంగతి చెప్పకూడదన్నాను. ఈ ఒక్కటీ ఆవిడ దగ్గర అనుమతి తీసుకునే రాస్తున్నాను. అడిగితే, "రాసుకో, నాకేమిస్తావు?" అంది. ఆవిడ నా వేళ్ళేవీ పట్టుకోలేదు. ఒకటి లేదు, అయిదు లేదు. అరచెయ్యి నా అరచేతిలో ఉంచింది. ఆ చెయ్యి వణుకుతోంది. చల్లగా ఉంది, ఆ ఎండల్లో. ఫోను రాని రోజులన్నీ ఆ చేతిలో ఉన్నాయి. పైన మొహం చూస్తే హాజరు పిలుస్తున్నట్టుంది. మా నాన్న కూడా అలాంటి మొహం పెట్టగలిగి ఉండడు. కాసేపటికి వణుకు కాస్త తగ్గింది. నా బొటనవేలు ఒకసారి నొక్కి, గుడ్డ తీసేసింది.

తీసి బజారు వైపు తిరిగింది. "చూశారుగా. ఇటువైపు కూడా తెగింది. ఇంక పోయి మీ కొట్లు తెరుచుకోండి. బోణీ వేళ మించిపోతోంది."

ముందు భాయ్ మొదలెట్టాడు నవ్వడం. "రెండు వైపులా అమ్మాడ్రా" అని ఎవరో అన్నారు, అందులో ఎంత గౌరవం ఉందో చెప్పలేను. నమ్మకద్రోహి కాస్తా అయిదు నిమిషాల్లో మా నాన్నకి తగ్గ కొడుకైపోయాడు. నా మీద కోపంగా ఉన్న కుర్రాళ్ళకి కూడా అనడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ టీచరే నాకు చెయ్యి ఇచ్చింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఆవిడ నన్ను నమ్మింది, నమ్మినట్టు ఊరందరికీ చాటింది, తన సంగతి ఒక్క ముక్క బయటపెట్టకుండా. అంత పని ఒక గుడ్డ ముక్కతో చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం ఎమ్మెల్యేగారు ఒక్కడే వచ్చాడు. కారు దూరంగా ఆపి, నడిచి. బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"శెట్టిగారూ, నేను మీకేమిచ్చాను?"

"ఏమీ ఇవ్వలేదు సార్."

"నాకు తెలుసు ఏమీ ఇవ్వలేదని. మావాళ్ళు నమ్మట్లేదు. మూల కొట్టు శెట్టికి ఇచ్చేశావు, మాకేదీ అని నన్ను తినేస్తున్నారు. మా తమ్ముడు రెండు రోజులుగా మాట్లాడటం మానేశాడు. మీరు కాస్త అందరికీ చెప్పండి."

"చెప్పాను సార్. చెప్పిన కొద్దీ పెరుగుతోంది."

ఆయన దిగులుగా నవ్వాడు. నాకప్పుడు లోపల పాత గంట మోగింది. ఎదుటివాడు అవసరంలో ఉన్నాడు, తనంతట తాను కొట్టుకొచ్చాడు, కూర్చున్నాడు కూడా. ఇంతకన్నా మంచి బేరం వేళ పుట్టదు. మూల కొట్టు నిజంగానే కళ్ళముందు ఆడింది. అబద్ధం ఎందుకు, చాలా అందంగా ఆడింది.

"సార్, ఇచ్చారనే అనుకోనివ్వండి. ఇచ్చింది ఏమిటో మాత్రం నేను చెప్తాను" అన్నాను. "మీ మైకు ఆయన రోజూ ఒక మాట అంటున్నాడు. ఆవిడ ఇంట్లోంచి దేశానికి ఏమిచ్చారని. ఆ ఒక్క మాట ఆపించండి. మిగతావి ఎన్నయినా అననీండి. అదే నా ధర."

"ఎందుకు?"

"గుడ్డ కింద సంగతి సార్."

ఆ మాట ఆయనకి ఓట్లు తెస్తున్న మాట. ఆపితే నష్టం తనకే. ఎందుకో తెలుసుకునే హక్కు కూడా ఆయనకుంది. కానీ ఆయన కూడా మిరప రైతు కొడుకే, చిన్నప్పుడు తండ్రి వెంట యార్డుకి వచ్చినవాడే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మెడలో కండువా కొస తీసి, ఈసారి జారనివ్వకుండా, తెలిసి మా చేతుల మీద వేశాడు. బొటనవేలు నొక్కాడు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ మాట ఏ సెంటర్లోనూ వినబడలేదు. మైకు ఆయన కాలవల మీద పడ్డాడు. కాలవల మీద టీచరమ్మగారికి జవాబు చెప్పగలిగినవాడు ఎవడు?

పోలింగు రోజుకి అక్కడ కాల్పులు ఆగాయి. ఆవిడ పోలింగ్ బూత్‌లు తిరుగుతూ మా బడి దగ్గరికి వచ్చింది, గేటు బయట వేపచెట్టు కింద నీళ్ళు తాగుతోంది. సంచిలో ఫోను మోగింది. తీసి చూసి, గోడ వైపు తిరిగి నిలబడింది. నేను లైన్లో ఉన్నాను. నాకు వినబడింది ఒకటే మాట.

"తిన్నావా?"

తరవాత చాలాసేపు వింది. పైట కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఇటు తిరిగి, నా వెనక నిలబడ్డ ముసలాయన్ని ఎండలోంచి నీడలోకి జరగమంది.

ఓడిపోయింది. పెద్ద తేడాతో కాదు, కానీ ఓటమి ఓటమే. మా బజారు బూత్‌లో మాత్రం ఆవిడకే ఎక్కువ వచ్చాయి. కుర్చీలో ఉన్నవాణ్ణి మా బజారు కాదనడం నాకు తెలిసి అదే మొదలు. ఎవరికి వారు "నేను కాదు, నువ్వే" అనుకున్నారు. గెలిచినాయన ఊరేగింపులో ఆవిడ ఇంటి ముందు మేళం ఆపించి, తలవంచి నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "కాలవ మర్చిపోకయ్యా" అంది.

వానలు మొదలయ్యాక అమ్మాయి సెలవు మీద వచ్చింది. తల్లితో కలిసి కొట్టుకి వచ్చింది. తల్లి పోలికే, ఎండకి కాదు చలికి నల్లబడ్డ మొహం.

"మీరేనా అంకుల్ పార్సిలు కుట్టేది? ఆ కుట్టు విప్పడానికి మా వార్డులో ఆపరేషన్ కత్తెర తేవాల్సొచ్చింది. మేజరు గారు అడిగారు, లోపల కారప్పొడేనా, ఆయుధాలా అని."

పరదాల కొట్లోంచి భాయ్ తల బయటపెట్టాడు. "మేజరేంటమ్మా? ఢిల్లీలో మేజరేంటి?"

అమ్మాయి తల్లి వైపు చూసింది. టీచరమ్మగారు, ఎన్నికలైపోయాయిగా అన్నట్టు తలూపింది. అమ్మాయి చెప్పింది. ఎక్కడుండేదో, యుద్ధం రోజుల్లో ఎక్కడుందో. బడాయి లేకుండా, వాతావరణం చెప్పినట్టు. బజారు ఒక్కొక్కరుగా వచ్చి చేరింది. వాళ్ళు వెళ్ళాక భాయ్ నా బల్ల మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసా శెట్టీ? అప్పుడే?"

"తెలుసు."

"ఇంత సరుకు దగ్గర పెట్టుకుని, ఎన్నిక మొత్తం, ఎవరికీ..." తల అడ్డంగా ఊపాడు. "మీ నాన్న ఉంటే ఏమనేవాడో తెలియదు. నేనైతే ఈ పూట టీ నా లెక్కలో చెప్తున్నా." భాయ్ తన లెక్కలో టీ చెప్పడం కూడా మా బజారులో చిన్న సంగతేమీ కాదు.

కబురు ఎమ్మెల్యేగారికీ చేరింది. మరో రెండు రోజులకి కారు నా కొట్టు ముందు ఆగింది. దిగలేదు. అద్దం దించి, డ్రైవరు వినేటట్టే అన్నాడు.

"శెట్టిగారూ, ఆ రోజు మీరు నా దగ్గర చాలా తక్కువ అడిగారు."

బేరంలో అవతలి మనిషి నాతో ఆ మాట అనడం నా జన్మలో అదొక్కసారే. "ఇప్పుడు పెంచొచ్చా సార్?" అన్నాను.

"చెప్పండి."

మూల కొట్టు మళ్ళీ కళ్ళముందు ఆడింది. ఆడనిచ్చి, పక్కకి చూశాను. మిరప షెడ్ల వెనక వాన నీళ్ళు రోడ్డెక్కాయి, బడి పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దాటుతున్నారు.

"ఆ కాలవ సార్" అన్నాను.

ఆయన కండువా వేసుకోలేదు ఆ రోజు. అద్దంలోంచి చెయ్యి బయటికి చాపాడు, గుడ్డేమీ లేకుండా, బజారంతా చూస్తుండగా.